తెలుగు యువ సాహస కథల్లో క్వియర్ చరిత్ర

యువ పాఠకుల కోసం రాసే సాహస కథల్లో గతకాలపు హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, స్వలింగ ప్రేమికులు కథను నడిపించే పాయ ఒకటి ఇంగ్లీషులో గత పదేళ్లలో బలపడింది. తెలుగులో అది ఇంకా విడి పాయగా రూపు కట్టలేదు. అందుకు కావలసిన సరుకు మాత్రం తెలుగు నేల మీద, ముఖ్యంగా ఒకప్పటి నిజాం రాజ్యంలో, దండిగా ఉంది. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతాన్నే తీసుకోవచ్చు. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ మైసూరుకు పోగా జహీరాబాద్, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో కలిశాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి బతికే చోటు కాబట్టి ఇక్కడి కథల వారసత్వం కూడా ఒక్క భాషది కాదు.

ఆడమగ గీతను దాటే సాహసం తెలుగు కథకు పాతదే. తిక్కన విరాటపర్వంలో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పుతుంది, పారిపోతున్న ఉత్తరకుమారుణ్ణి పట్టి తెస్తుంది, జమ్మిచెట్టు మీది గాండీవం దింపించి కౌరవసేనను ఓడిస్తుంది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఇంకా ముందుకెళ్లాడు. సుముఖాసత్తి, మణిస్తంభుడు ఆడమగ రూపాలు మార్చుకుంటారు, మగవాడైన మణిస్తంభుడే తల్లయి కళాపూర్ణుణ్ణి కంటాడు. దాస్తానులనే ఉర్దూ సాహసగాథల్లో వీరుడు హమ్జా స్నేహితుడు అమర్ అయ్యార్ ఆడవేషంలో శత్రువుల కోటల్లోకి దూరిపోతాడు. వీటిని క్వియర్ చరిత్ర అనడం తొందరపాటు. శాపమో వరమో మాయవేషమో తీరిపోగానే చాలా పాత్రలు పాత రూపానికే వచ్చేస్తాయి. అయినా, మనిషి రూపం మారొచ్చనీ, మారినా ఆ మనిషి ధైర్యం, విద్య తగ్గవనీ తెలుగు శ్రోతలకు శతాబ్దాలుగా తెలుసు.

చరిత్రలోకి వస్తే తిక్కన కాలంలోనే రుద్రమదేవి ఉంది. శాసనాల్లో ఆమెకు రుద్రదేవ మహారాజు అన్న పేరుంది. బీదర్ కోటలో దొరికిన ఒక శాసనం ఆమెను రాయగజకేసరి అని పొగుడుతుంది. అంటే ఆమె సేనల అడుగుజాడలు జహీరాబాద్ పొరుగు దాకా ఉన్నాయన్నమాట. అడివి బాపిరాజు గోన గన్నారెడ్డి నవల ఈ కాలాన్నే సాహసగాథగా మలిచింది. 2015లో గుణశేఖర్ తీసిన సినిమాలో మగవాడిగా పెరిగిన రుద్రదేవుడికి ముక్తాంబతో పెళ్లి కూడా చేస్తారు. సింహాసనం కోసం మగపేరు పెట్టుకోవడం ఒక రాజకీయ అవసరం. దాన్నిబట్టి ఆమె మనసు గురించి ఏమీ తేల్చలేం. కానీ ఆడపిల్ల కొడుకుగా పెరిగి రాజ్యమేలిన కథను తెలుగు కుటుంబాలు పిల్లలతో కలిసి ఇష్టంగా చూశాయి.

1947 జూలైలో చందమామ మొదలయ్యాక తెలుగు పిల్లలకు సాహస సీరియల్ నెలనెలా ఇంటికొచ్చింది. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు, చిత్రా వేసిన బొమ్మలు రెండు మూడు తరాల ఊహను పెంచాయి. కోటలు, మాంత్రికులు, అడవిజాతులు, ప్రాణమిచ్చే స్నేహితులు అన్నీ వాటిలో ఉన్నాయి. హిజ్రా యువతి గానీ, మరో అబ్బాయిని ప్రేమించిన అబ్బాయి గానీ వీరుడిగా కనిపించిన సంప్రదాయం మాత్రం అక్కడ లేదు.

ఆ పిల్లలు నిజంగా ఎక్కడున్నారో చట్టాల పుస్తకం చెబుతుంది. బ్రిటిష్ ఇండియా 1871లో నేరజాతుల చట్టం తెచ్చి, దాని రెండో భాగంలో హిజ్రాలను నమోదు చేసి నిఘా పెట్టింది. ఆ పోలికలోనే నిజాం ప్రభుత్వం ఫసలీ 1329లో, అంటే 1919లో, నపుంసకుల చట్టం చేసింది. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, అంగవిచ్ఛేదం చేస్తారనో అనుమానమున్న హిజ్రాల పేర్లు, ఇళ్లు రిజిస్టరుకెక్కించాలి. ఆ పుస్తకంలో పేరున్నవాళ్లు ఆడబట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్లలోపు అబ్బాయి వాళ్లింట్లో ఉన్నా నేరమే.

ఈ చివరి నిబంధన దగ్గర యువ సాహిత్యం ఆగి చూడాలి. తన ఒళ్లు, తన మనసు ఒకటి కాదని తెలిసి ఇల్లు వదిలిన పద్నాలుగేళ్ల పిల్లకు ఆ రోజుల్లో తలదాచుకునే చోటు హిజ్రాల ఇల్లు. ఆశ్రయమిచ్చిన గురువును జైలుకు పంపే చట్టం అది. తప్పించుకోవడం, వేషం మార్చడం, సరిహద్దు దాటడం, పట్టుబడితే ఎవరి పేరూ చెప్పకుండా ఉండటం వంటి సాహస కథ దినుసులన్నీ ఆ పిల్ల బతుకులోనే ఉన్నాయి, ఎవరూ కల్పించక్కర్లేదు.

ఆ చట్టంలాగే, హిజ్రాలు పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం కూడా మన కాలం దాకా బతికింది. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న వాట్సాప్ పుకారు నమ్మిన గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. అదే ఏడు వైజయంతి వసంత మొగ్లి, మరి ఇద్దరు కలిసి 1919 నాటి చట్టం మీద హైకోర్టుకెళ్లారు. కోర్టు ముందు దాని అమలు ఆపింది. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్‌రెడ్డి ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా ఆదేశించారు.

ఇంగ్లీషులో ఈ సాహిత్యం ఒక్కసారిగా రాలేదు. 1969లో జాన్ డోనవన్ నవల అమెరికన్ యువ సాహిత్యంలో ఇద్దరబ్బాయిల దగ్గరితనాన్ని మొదటిసారి చూపింది. 1982లో నాన్సీ గార్డెన్ ఇద్దరమ్మాయిల ప్రేమకథ రాస్తే, 1993లో కాన్సస్ సిటీలో దాని ప్రతిని తగలబెట్టారు. బడి లైబ్రరీల నుంచి ఆ పుస్తకాన్ని తీసేయడం చెల్లదని 1995లో కోర్టు చెప్పింది. సాహసమూ చరిత్రా కలిసిన మలుపు 2017లో మెకెంజీ లీ నవలతో వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో ఇద్దరు కుర్రాళ్లు దొంగలనూ సముద్రపు దోపిడీగాళ్లనూ తప్పించుకుంటూ సాగే కథ అది. 1954 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ అమ్మాయి గురించి మలిండా లో రాసిన నవలకు 2021లో అమెరికా జాతీయ పుస్తక పురస్కారం దక్కింది. మన దేశంలో 2014లో హిమాంజలి శంకర్, పాయల్ ధర్ ఇంగ్లీషులో రాసిన నవలలు నేటి బడిపిల్లల కథలు, చరిత్ర జోలికి పోలేదు.

తెలుగులో ఈ వైపు పడ్డ పెద్ద అడుగు ఒక అనువాదం. తమిళనాడుకు చెందిన రేవతి జీవితాన్ని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’ పేరుతో తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. దానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. ఊరొదిలి ఢిల్లీ చేరి హిజ్రాల మధ్య కొత్త పేరుతో నిలబడ్డ చిన్నవయసు మనిషి అందులో ఉంది. పెద్దల కోసం రాసిందే అయినా, ఇంటర్ చదివే పిల్లల చేతికి ధైర్యంగా ఇవ్వాల్సిన పుస్తకం.

ఇక కావలసింది ఇక్కడి గొంతులు. తమ చరిత్రను తామే రికార్డు చేసుకోవడం జహీరాబాద్‌కు కొత్త కాదు. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు 2008 నుంచి మాచ్‌నూర్‌లో సంఘం రేడియో నడుపుతూ విత్తనాల ముచ్చట్లు, పాటలు, పండుగలు దాచిపెట్టారు. సంగారెడ్డి, బీదర్ జిల్లాల్లో వయసు మళ్లిన హిజ్రాల జ్ఞాపకాలనూ, ఎల్లమ్మ, మల్లన్న జాతరల్లో మగవాళ్లుగా పుట్టి చీరకట్టే శివసత్తుల జ్ఞాపకాలనూ వాళ్ల ఇష్టప్రకారం, వాళ్ల మాటల్లోనే ఇలా భద్రపరచాలి. యువ పాఠకుల కోసం రాసేవాళ్లు కల్పన మొదలుపెట్టే ముందు వాళ్ల దగ్గర కూర్చుని వినాలి. ఆ పెద్దలు బతికుండగానే ఈ పని జరగాలి.