కొలువు దాకా నడిపించాల్సిన బడి: 75 ఏళ్ల ఐటీఐలు, ఉద్యోగ నియామక సేవలు

పారిశ్రామిక శిక్షణ సంస్థ, అంటే జనం నోట ఐటీఐగా స్థిరపడిన బడి, పిల్లలకు ఒక వృత్తి నేర్పి పంపడానికి మాత్రమే పుట్టలేదు. నేర్చిన చేతికి పని చూపించే బాధ్యత పుట్టుకతోనే దానికి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ, సైన్యం నుంచి విడుదలవుతున్న వారికి బతుకుతెరువు చూపడానికి 1945 జూలైలో కేంద్ర ప్రభుత్వం పునరావాస, ఉపాధి డైరెక్టరేట్‌ను నెలకొల్పింది. దేశ విభజన తర్వాత నిర్వాసితుల భారం కూడా దానిపైనే పడింది. 1948 తొలినాళ్లలో ఉపాధి కల్పన కార్యాలయాల సేవలు పని కోరే వారందరికీ అందుబాటులోకి రాగా, 1950లో సుమారు 50 సంస్థలతో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్, అంటే చేతిపనివారి శిక్షణ పథకం, మొదలైంది. నేటి ఐటీఐలన్నిటికీ మూలం ఆ పథకమే. శిక్షణ, ఉపాధి అనే రెండు పనులూ ఆనాడు ఒకే శాఖ చేతిలో ఉండేవన్న సంగతి ఈ చరిత్ర చదివేవారు మరువరానిది.

ఈ సంస్థలకు, తెలుగువారికి సంబంధించి 1956 నవంబర్ 1 ఒక విశేషమైన తేదీ. ఆంధ్రప్రదేశ్ అవతరించిన ఆ రోజునే ఉపాధి కార్యాలయాల, శిక్షణ సంస్థల రోజువారీ పాలన కేంద్రం నుంచి రాష్ట్రాల చేతికి వచ్చింది. పాఠ్యప్రణాళిక, పరీక్ష, జాతీయ స్థాయి ధ్రువపత్రం కేంద్రం ఏర్పరచిన మండలి పరిధిలో ఉండగా, బడి నడపడం, పిల్లలను చేర్చుకోవడం, పని వెదకడం రాష్ట్రం వంతు అయ్యాయి. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఈ పని వెదుకులాట అంత కష్టం కాలేదు. విశాఖపట్నంలో హిందూస్థాన్ షిప్‌యార్డ్ అప్పటికే ఉంది. 1966లో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ వచ్చింది. హైదరాబాద్‌లో 1940లలోనే వెలసిన ఆల్విన్, ప్రాగా టూల్స్‌కు తోడు రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, 1967లో ఈసీఐఎల్ చేరాయి. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, వెల్డర్ ట్రేడుల్లో, అంటే ఒక్కో వృత్తికి విడిగా నడిచే తరగతుల్లో, ఉత్తీర్ణులైన వారికి ఈ కర్మాగారాలే గమ్యం. బడి చేయవలసింది పట్టా ఇవ్వడం, విద్యార్థి చేయవలసింది ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని కార్డు తెచ్చుకోవడం, గడువు దాటకుండా దాన్ని రెన్యువల్ చేయించుకోవడం. మిగిలింది పిలుపు కోసం ఎదురుచూపు.

ఈ సౌకర్యమే బడులకు ఒక చెడ్డ అలవాటు చేసిందని చెప్పక తప్పదు. ఉద్యోగం చూపించడం వేరొక కార్యాలయం పని అన్న భావన అప్పుడే పాతుకుపోయింది. నిజానికి ఆ కార్యాలయానికి చట్టం ఇచ్చిన బలం పరిమితమైనది. 1959 నాటి ఖాళీల నిర్బంధ ప్రకటన చట్టం యజమానిపై మోపిన బాధ్యత ఖాళీని తెలియజేయడం వరకే. కార్యాలయం పంపిన వారినే తీసుకోవాలన్న నిర్బంధం అందులో లేదు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో 1996లో సుప్రీంకోర్టు, ఉపాధి కార్యాలయం పంపే పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లో కూడా ప్రకటన ఇచ్చి అర్హులందరినీ పరిశీలించాలని చెప్పడంతో, కార్డు పట్టుకుని పిలుపు కోసం కూర్చునే కాలం ఆచరణలో ముగింపుకు వచ్చింది. ఆ తీర్పు న్యాయమైనదే. అయితే దరఖాస్తు రాయడం, ప్రకటన వెదకడం, ప్రశ్నలకు జవాబివ్వడం నేర్పే వారెవరూ లేని గ్రామీణ విద్యార్థి ఒంటరిగా మిగిలిపోయాడు. ఆ ఖాళీని పూరించవలసింది బడే.

బడికీ కర్మాగారానికీ మధ్య నిజమైన వంతెన వేసింది 1961 నాటి అప్రెంటిస్ చట్టం. అప్రెంటిస్ అంటే స్టైపెండ్ అనే నెలసరి భత్యం తీసుకుంటూ, ఒప్పందం ప్రకారం నిర్ణీత కాలం కర్మాగారంలోనే పని నేర్చుకునే అభ్యర్థి. బడి పట్టాతో పాటు ఈ కాలం పూర్తిచేసి జాతీయ అప్రెంటిస్ ధ్రువపత్రం పొందినవారికి పరిశ్రమలో ఉండే విలువ వేరు. అర్హతలు సమానమైనప్పుడు నేరుగా వచ్చిన వారికంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యమివ్వాలని 1995లో సుప్రీంకోర్టు అన్నది. 2014 సవరణ, అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకునే విధానాన్ని ప్రతి యజమాని తానే రూపొందించుకోవాలన్నది. 2016లో వచ్చిన జాతీయ ప్రోత్సాహక పథకం స్టైపెండ్‌లో నాలుగో వంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరించేలా చేసింది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలన్నీ తమ బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. తన చుట్టుపక్కల ఇలాంటి సంస్థలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏ ట్రేడుకు ఎన్ని స్థానాలున్నాయో పేరుపేరునా రాసిపెట్టుకున్న ఐటీఐకి నియామకాల పని సగం పూర్తయినట్లే. కానీ చట్టం ఇచ్చిన ఈ ఆయుధాన్ని అరకొరగా వాడిన చోట్లే ఎక్కువ.

ప్లేస్‌మెంట్ సెల్, అంటే శిక్షణ పొందిన వారికి సలహా ఇచ్చి ఉద్యోగానికి చేర్చే విభాగం, ఏడాది చివర ఒకరోజు మేళా పెట్టి ముగించే పని కాదు. కంపెనీ ప్రతినిధి వచ్చి చూసేది కాగితాన్ని కాదు, చేతిని. ఫిట్టర్ అభ్యర్థి ముందు ఒక మెత్తని ఉక్కు ముక్క పెట్టి, వైస్‌లో బిగించి, ఆకురాయితో చదును చేయమంటారు. తర్వాత దాని అంచుకు మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటారు. ఉక్కుకూ మూలమట్టానికీ నడుమ సన్నని వెలుతురు గీత కనిపిస్తే పని సరిగా కుదరనట్లు, కనిపించకపోతే కుదిరినట్లు. ఈ పరీక్షకు సిద్ధం చేసేది మొదటి ఏడాది వర్క్‌షాపులో పక్కన నిలబడి తప్పు దిద్దిన ఇన్‌స్ట్రక్టర్ తప్ప ఆఖరి నెలలో ఇచ్చే ఇంటర్వ్యూ తరగతి కాదు. అందుచేత నియామకాల అధికారి ఎవరైనా, ఏ విద్యార్థి ఏ పనిలో నమ్మదగినవాడో చెప్పగల ఇన్‌స్ట్రక్టర్ మాటే యజమానులకు అసలైన సిఫారసు.

ఇక లెక్కల విషయం. నియామక పత్రం అందుకున్నవారు, పనిలో చేరినవారు, ఏడాది తర్వాత కూడా అక్కడే ఉన్నవారు అనే మూడు సంఖ్యలు ఎన్నడూ ఒకటి కావు. మొదటి సంఖ్యను మాత్రమే గోడమీద రాసుకునే సంస్థ తనను తానే మభ్యపెట్టుకుంటుంది. చదువు ముగించిన వారిని మూడు, ఆరు, పన్నెండు నెలలకు పలకరించి, ఎక్కడ ఉన్నారో, జీతమెంతో, ఎందుకు మానేశారో నమోదు చేసే అనుసరణ సర్వే ఖర్చుతో కూడిన పని కాదు. ఒక పుస్తకం, ఒక ఫోను, ఓపిక ఉంటే చాలు. ఆ పుస్తకంలోనే పల్లెల సంగతి కూడా బయటపడుతుంది. వోల్టేజీ తగ్గి వ్యవసాయ మోటార్లు కాలిపోయే రోజుల్లో, రాగి తీగ చుట్టి మోటారును మళ్లీ నడిపించే వైండింగ్ షాపులు మండల కేంద్రాల్లో రాత్రి దాకా తెరిచే ఉంటాయి. ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి అలాంటి షాపు పెట్టుకున్న వ్యక్తి, మేళాల్లో లెక్కకు రాకపోయినా, ఊరికి ఉపయోగపడుతూ సొంత కాళ్లపై నిలబడినవాడే. అతడిని నియామకాల లెక్కలో చేర్చకపోవడం అన్యాయం.

ఆడపిల్లల విషయంలో అడ్డంకి నైపుణ్యం కాదు, బస. పట్టణంలో హాస్టల్, షిఫ్టు ముగిశాక ఇంటికి చేర్చే బస్సు ఉన్నాయో లేదో ముందే తెలుసుకుని తల్లిదండ్రులకు చెప్పగలిగితే చేరికలు నిలుస్తాయి. గల్ఫ్ దేశాలకు వెళ్లే వెల్డర్లు, ఎలక్ట్రీషియన్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. లైసెన్సులేని ఏజెంట్ చేతిలో పడకుండా, ఒప్పందపత్రం చదివి అర్థం చెప్పడం కూడా నియామక సేవే.

2024లో తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. కొత్త యంత్రాలతో కొత్త కంపెనీలు తలుపు తడతాయి. ఆ తలుపు దగ్గర పాత నమోదు పుస్తకం కూడా ఉండాలి. పదిహేనేళ్ల కిందట అప్రెంటిస్‌గా చేరి, నేడు సొంత వర్క్‌షాపులో నలుగురికి పని ఇస్తున్న పాత విద్యార్థి పేరు అందులో యజమానుల జాబితాలో కూడా ఉంటుంది, అతడి ఫోను నంబరు పక్కనే ఈ ఏటి ఖాళీల సంఖ్య ఉంటుంది.