రోకలి నుండి గ్యాసుపొయ్యి దాకా

వంట ఒక కళ అనీ, శాస్త్రమనీ చెప్పుకొంటాము. కాని అన్నిటికంటె ముందు అది శరీరశ్రమ. వంగడం, కూర్చుండి లేవడం, ఎత్తడం, దంచడం, తిప్పడం, పిండడం - ఇవన్నీ చేయగల శరీరాన్ని దృష్టిలో పెట్టుకొనే మన వంటిల్లు ఏర్పడినది. కీళ్లవాతం సోకినవారికి, పక్షవాతంతో ఒక చేయి పడిపోయినవారికి, గుండె బలహీనపడినవారికి, వృద్ధులకు ఆ వంటింట్లో ఎట్టి సాయం లభించినది? పనిముట్ల చరిత్రను ఈ దృష్టితో చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ప్రతి పనిముట్టూ శరీరంలో ఒక భాగానికి విశ్రాంతినిచ్చి, మరొక భాగాన్ని పనికి పిలుస్తుంది. కృష్ణాజిల్లా మెట్టసీమగా పేరొందిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ సంగతి పరిశీలిద్దాము. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది.

జొన్న చేయించిన చాకిరి

1855లో బెజవాడ వద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తి అయిన తరువాత దిగువనున్న డెల్టాలో వరి విస్తరించినది. ఎగువన మునేరు, పాలేరు తీరాల మెట్టభూములకు ఆ నీరు అందలేదు. అక్కడ జొన్న, సజ్జ, కంది వంటి మెట్టపంటలే ఆధారం. జొన్నలు వండాలంటే ముందుగా వాటిని తడిపి, రోట పోసి, రోకలితో దంచి, పైపొట్టు వదిలించి, చేటతో చెరగాలి. ఆ తరువాత అన్నానికైతే రవ్వగాను, రొట్టెకైతే పిండిగాను తిరగలిలో విసరాలి. పొయ్యి రాజేయకముందే ఇల్లాలి బలం సగం ఖర్చయ్యేది.

పాత పనిముట్లలోని యుక్తి

అయినా ఆ పనిముట్లలో యుక్తి లేకపోలేదు. తిరగలి పిడి రాతి అంచున ఉంటుంది. బలం ఇరుసుకు ఎంత దూరాన పనిచేస్తే రాయి అంత సులువుగా తిరుగుతుందన్నది యంత్రశాస్త్ర సూత్రం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి ఒకే పిడిని తిప్పితే శ్రమ పంచుకొన్నట్లవుతుంది. మజ్జిగ చిలికే కవ్వానికి తాడు చుట్టి లాగుతాము. ఆ పని భుజాలు చేస్తాయి, మణికట్టు మెలితిరగదు. ఇక కత్తిపీటలో కత్తి కదలదు. పీటను కాలితో అదిమిపెట్టి, కూరగాయను కత్తి అంచుకు నొక్కుతాము. కత్తి పిడిని బిగించి పట్టవలసిన అవసరమే లేదు. కనుక వేళ్లలో పట్టు తగ్గినవారికి మామూలు కత్తికంటె కత్తిపీటే అనువైనది.

అయితే వీటన్నిటి చోటు నేలయే. పొయ్యి కూడ నేలమీదనే. మోకాళ్లు ముడవలేనివారికి, నడుము వంచలేనివారికి పొయ్యిముందు కూర్చుండి ఊదుగొట్టంతో మంట ఊదడం నరకయాతన. అన్నిటిలోకి కష్టమైనది గంజి వార్చడం. ఉడుకుతున్న కుండ నోటికి మూత అదిమి, గుడ్డలతో పట్టుకొని ఒక ప్రక్కకు వంచాలి. చేయి వణికితే ఒళ్లు కాలుతుంది.

శ్రమ తొలగిన క్రమం

మెట్టసీమలో రోకలి బరువు తగ్గడానికి నీరు ఒక ముఖ్యకారణం. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలారు. ఆ తరువాతి సంవత్సరాలలో ఎడమకాలువ ద్వారా ఈ ప్రాంతానికి సాగరునీరు అందినది. జొన్న తగ్గి వరి పెరిగినది. దంపుడుపని మరకు పోయినది. ఇందులో ఒక మెలిక కూడ ఉన్నది. బియ్యాన్ని మరలో బాగా తెల్లగా పట్టిస్తే తవుడుతోపాటు బి1 విటమిను పోతుంది. ఆ లోపంవలన వచ్చే బెరిబెరిలో కాళ్లు పట్టు తప్పుతాయి. ఉత్తర సర్కారులను పీడించిన ఆ వ్యాధికీ బియ్యానికీ గల సంబంధాన్ని గురించి 1924లో మెకారిసన్, నోరిస్ తమ పరిశోధనను ప్రకటించారు.

పొయ్యి సంగతి మన తెలుగునాటనే శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన డాక్టరు ఎస్.పి. రాజు పొగగొట్టంగల మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకం ప్రకటించారు. పొగ, మసి, సెగ, వంటచెరకు వృథా, అగ్నిప్రమాదం - ఈ అయిదింటినుండి ఇల్లాలికి విముక్తి కలగాలన్నది ఆయన ఆశయం. 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి విద్యుత్తుతో నడిచే రుబ్బురోలును తయారుచేశారు. ప్రెషరుకుక్కరుకు మూలమైన ఆవిరిపాత్రను డెనిస్ పాపిన్ 1679లోనే లండనులో చూపాడు. ఒత్తిడి పెరిగితే నీరు 100 డిగ్రీలవద్ద కాక సుమారు 120 డిగ్రీలవద్ద మరుగుతుంది. కందిపప్పు త్వరగా మెత్తబడుతుంది. కొలిచి నీరు పోస్తాము కనుక గంజి వార్చే ప్రమాదమూ తప్పినది.

గ్యాసు మరొక మార్పు తెచ్చినది. పొయ్యి సిలిండరుకంటె ఎత్తున ఉండాలన్నది భద్రతానియమం. అందువలన వంట నేలనుండి గట్టుమీదికి ఎక్కినది. 1999లో ఆంధ్రప్రదేశులో దీపం పథకం, 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకం పేద ఇళ్లకు గ్యాసును చేర్చాయి. మోకాళ్లకు ఇది గొప్ప ఊరట. కాని 14.2 కిలోల గ్యాసుగల సిలిండరు ఖాళీతో కలిసి సుమారు 30 కిలోలు తూగుతుంది. కుక్కరు మూత బిగించాలన్నా, మిక్సీ జాడీ మూత తీయాలన్నా వేళ్లబలం కావాలి. పాత వంటిల్లు మోకాలిని, నడుమును అడిగినది. కొత్త వంటిల్లు మణికట్టును, వేళ్లను అడుగుతున్నది.

ఇతర దేశాల అనుభవం

ఈ సమస్యను అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజనీరు శాస్త్రీయంగా పరిశీలించినది. కర్మాగారాలలో కార్మికుల కదలికలను లెక్కించిన అనుభవంతో, 1940ల చివర గుండెజబ్బు గల గృహిణులకోసం ఒక వంటింటిని రూపొందించినది. కూర్చుండి పని చేయడం, నడక తగ్గించడం, వస్తువులను చేతికందే ఎత్తులో ఉంచడం అందులోని సూత్రాలు. శామ్ ఫార్బర్ అనే వ్యాపారి తన భార్య కీళ్లవాతంతో పడే బాధ చూచి, లావైన రబ్బరుపిడి గల చెక్కుతీసే కత్తి వంటి పనిముట్లను 1990లో విపణికి తెచ్చాడు. సన్నని పిడిని పట్టాలంటే వేళ్లు బాగా ముడిచి బిగించాలి. లావుపిడికి ఆ బాధ లేదు. బలహీనులకోసం పుట్టిన ఆ పనిముట్లను బలవంతులు సైతం కోరి కొన్నారు.

మనము చేయదగినది

ఈ సూత్రాలను ఏ పల్లెలోనైనా అమలుచేయవచ్చు. కత్తిపీటను ఎత్తైన బల్లకు మరలతో బిగిస్తే మోకాళ్లు ముడవవలసిన పని లేదు. ఒంటిచేతివారు చెక్కపీటకు తుప్పుపట్టని మేకులు రెండు మొనలు పైకి వచ్చేట్లు దిగగొట్టి, వాటికి కూరగాయను గుచ్చి తరగవచ్చు. గిన్నెక్రింద తడిగుడ్డ పరిస్తే అది జారదు. పట్టకారుతో ఒక ప్రక్కనుండి ఎత్తితే బరువంతా మణికట్టుమీద పడుతుంది. రెండు చెవుల పాత్ర ఆ బరువును రెండు చేతులకూ పంచుతుంది. ఉడికించే కూరలను చిల్లుల గిన్నెలో ఉంచి నీటిలో దింపితే, మరిగే నీటిని వంచనక్కరలేదు. సన్నని గరిటె పిడికి గుడ్డ చుట్టి లావు చేయవచ్చు.

వంట చేయలేకపోవడం ఆ మనిషి లోపమని ఇంటిల్లిపాదీ భావించడం పరిపాటి. నిజానికి చాలాసార్లు లోపం పొయ్యి ఎత్తులోనో, పిడి లావులోనో ఉంటుంది. కొత్త పనిముట్టు కొనేముందు అది ఏ కీలును పనికి పిలుస్తున్నదో విచారించడం మేలు. ఆ కీలు బలంగా ఉన్నవారికే ఆ పనిముట్టు సుఖమిస్తుంది.