కాలక్రమం, కారణం: పొగతాగేవారి రక్తనమూనాలు నేర్పిన పాఠం

ఉపోద్ఘాతం

అమీర్‌పేట నుంచి పంజగుట్ట వరకు నడిస్తే కోచింగ్ సెంటర్ల మధ్య రక్తపరీక్షల ల్యాబ్‌లు మీకు కనిపిస్తాయి. యాభై దాటిన, సిగరెట్ అలవాటున్న ఒక వ్యక్తి అక్కడ థైరాయిడ్ రిపోర్టు తీసుకున్నాడనుకోండి. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంది. "టీఎస్‌హెచ్ ఎక్కువుంటే ప్రొస్టేట్ క్యాన్సర్ రాదట" అని మిత్రుడు చెప్పాడు. అయితే థైరాయిడ్ మాత్ర మానేయవచ్చా? ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

1. ముందు ఏది, తరువాత ఏది?

చరిత్ర విద్యార్థులుగా కాలక్రమం ప్రాముఖ్యం మీకు తెలుసు. వైద్యపరిశోధనకూ అదే పునాది. 1941లో చార్లెస్ హగ్గిన్స్ ప్రొస్టేట్ క్యాన్సర్ పురుష హార్మోన్లపై ఆధారపడుతుందని చూపాడు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. 1950లో డాల్, హిల్ లండన్ ఆసుపత్రుల్లోని రోగులను వారి పొగ అలవాటు గురించి ప్రశ్నించారు. అయితే ఇది వ్యాధి వచ్చాక అడిగిన ప్రశ్న. అందుకే 1951లో వారు బ్రిటిష్ డాక్టర్ల అలవాట్లను ముందే నమోదు చేసుకొని, ఆ తరువాత ఏం జరిగిందో ఏళ్ల తరబడి గమనించారు.

2. ఫిన్లాండ్ అధ్యయనం

ఇదే పద్ధతిలో 1985-88 మధ్య ఫిన్లాండ్‌లో 50-69 ఏళ్ల వయసున్న 29,133 మంది పొగతాగే పురుషులను ఎంపిక చేశారు. విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఆపుతాయా అన్నది అసలు ప్రశ్న. పొగతాగేవారినే తీసుకోవడానికి కారణం అదే. ప్రారంభంలోనే వారి రక్తం తీసి, గడ్డకట్టించి భద్రపరిచారు.

2012లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ నమూనాలను మళ్లీ బయటకు తీశారు. తరువాతి కాలంలో ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చిన 402 మందిని, రాని సుమారు 800 మందితో పోల్చారు. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉన్నవారిలో ఆ వ్యాధి అవకాశం దాదాపు 30 శాతం తక్కువగా, థైరాయిడ్ మందగించినవారిలో సుమారు సగంగా కనిపించింది. మిత్రుడి మాటకు మూలం ఇలాంటి ఫలితమే.

3. అదే అధ్యయనం చేసిన హెచ్చరిక

రక్తం వ్యాధి కంటే ముందుది కాబట్టి కాలక్రమం సరిపోయింది. కానీ ముందు జరిగినదల్లా కారణం కాదు. దీనికి ఉదాహరణ ఫిన్లాండ్ అధ్యయనంలోనే ఉంది. విటమిన్ ఇ తీసుకున్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 32 శాతం తగ్గిందని 1998లో ప్రకటించారు. ఎందరో ఆశపడ్డారు. దాన్ని నేరుగా పరీక్షించడానికి అమెరికా తదితర ప్రాంతాల్లో 35 వేలకు పైగా పురుషులతో మరో ప్రయోగం జరిగింది. విటమిన్ ఇ తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. ఇక బీటా కెరోటిన్ వేసుకున్న ఫిన్లాండ్ పురుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైందని 1994లోనే వెల్లడైంది.

4. మన నగరంలో

హైదరాబాద్‌కు పొగాకు చరిత్ర ఉంది. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ 1930లో ఇక్కడే ఏర్పడింది. చార్మినార్ సిగరెట్ దానిదే. పంజగుట్టలోని నిమ్స్‌లో హైదరాబాద్ జిల్లా క్యాన్సర్ రిజిస్ట్రీ ఉంది. ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో అది లెక్కిస్తుంది. కానీ వ్యాధికి పదేళ్ల ముందు ఆ వ్యక్తి రక్తంలో ఏముందో రిజిస్ట్రీ చెప్పలేదు. అందుకు ముందుగా భద్రపరిచిన నమూనాలు కావాలి. ఫిన్లాండ్ పొగరాయుళ్లలో కనిపించినది పొగతాగనివారికీ, మన ప్రజలకూ వర్తిస్తుందని అనుకోవడం కూడా తొందరపాటే.

ముగింపు

ఆ వ్యక్తి మాత్ర మానకూడదు. మందగించిన థైరాయిడ్‌కు చికిత్స ఆపితే గుండెకు, శరీరానికి జరిగే హాని తెలిసినదే. లాభం ఊహ మాత్రమే. మానవలసింది సిగరెట్. ఏ ఆధారాన్ని చూసినా మూడు ప్రశ్నలు వేయండి: ఎవరి మీద చూశారు? ఎప్పుడు నమోదు చేశారు? మరో చోట పరీక్షించారా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1950, 1951 అధ్యయనాల పద్ధతుల్లో తేడా ఏమిటి?
2. విటమిన్ ఇ ఉదంతం థైరాయిడ్ ఫలితాన్ని చదవడంలో ఎలా తోడ్పడుతుంది?