సంతకం పెట్టేశాం కదా... ఇంకేం చేస్తాం?

మొన్న పాత కాగితాలు సర్దుతుంటే 2012లో ఫ్లాట్ కొన్నప్పటి అగ్రిమెంటు బయటపడింది. నేను వాయిదా ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ. బిల్డరు ఆలస్యం చేస్తే చదరపు అడుగుకి నెలకి 5 రూపాయలు! ఆఫీసులో ఒక్క సెమీకోలన్ మీద అరగంట వాదించే నేను, ఆ నలభై పేజీలూ చదవకుండానే సంతకం చేశాను. తాళాలు రెండేళ్ళు ఆలస్యంగా ఇచ్చారు. "సంతకం పెట్టేశాం కదా" అని నోరు మూసుకున్నాను.

అలా మూసుకోనక్కర్లేదని ఈ చట్టం కథ చదివాకే తెలిసింది.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ నౌకా రవాణా సంస్థ కేసులో, కారణం చెప్పకుండా ఉద్యోగిని తీసేయొచ్చన్న షరతు చెల్లదంది. బేరమాడే బలం లేనివాడి సంతకాన్ని అడ్డం పెట్టుకోకూడదన్నది అందులోని సారం. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఇల్లు కట్టివ్వడం కూడా 'సేవే' అని తేల్చింది. అంటే ఇల్లు కొనుక్కునేవాడూ వినియోగదారుడే అన్నమాట.

ఈ రెండు దారులూ కలిసింది 2019 ఏప్రిల్లో, గుర్‌గావ్ ఫ్లాటు గురించిన పయొనీర్ అర్బన్ కేసులో. అక్కడ కొన్నవాడికి 18 శాతం, బిల్డరుకి 9. ఇలాంటి ఏకపక్ష షరతులు రాయడమే అనుచిత వ్యాపార పద్ధతి, అవి కొన్నవాడిని కట్టిపడెయ్యవు అంది కోర్టు. కట్టిన సొమ్ము 10.7 శాతం వడ్డీతో వాపసు.

2020 ఆగస్టులో బెంగళూరు డీఎల్ఎఫ్ ఫ్లాట్ల కేసు చూడండి. అక్కడా అచ్చం నా అగ్రిమెంటులాగే అడుగుకి 5 రూపాయలు! అది చాలదని 6 శాతం వడ్డీ అదనంగా ఇప్పించారు. తాళాలు తీసుకున్నంత మాత్రాన పరిహారం హక్కు పోదనీ చెప్పారు. దానికి నెల ముందే, జులైలో, కొత్త చట్టం అమల్లోకొచ్చి 'అన్యాయమైన ఒప్పందం' అంటే ఏమిటో నిర్వచించింది.

అలాగని సంతకానికి విలువే లేదని కాదండోయ్. బేరమాడే అవకాశం ఉందా లేదా అన్నది కోర్టు చూస్తుంది. ఫిర్యాదుకి గడువు మామూలుగా రెండేళ్ళే. నాది ఎప్పుడో దాటిపోయింది. మీకింకా తాళాలు రాకపోతే మాత్రం, ఈ రాత్రే ఆ అగ్రిమెంటు తీసి రెండు వైపుల వడ్డీలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.