యానాం మరిచిన మేత్రాణులు

మా యానాం చరిత్ర ఎవరు చెప్పినా యుద్ధాలతోనే మొదలుపెడతారు. 1758లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఆ తర్వాత 1778లో, 1793లో, ఐరోపాలో పోరు రేగినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు ఊరు పట్టుకోవడం, సంధి కుదిరాక వదిలిపెట్టడం మామూలైంది. 1814 పారిస్ ఒడంబడికతో మళ్లీ ఫ్రెంచివాళ్లకు దక్కి, 1954 దాకా వాళ్ల చేతిలోనే ఉంది.

ఈ కథలో ఎవరూ తలవని పెద్దమనిషి మేత్రాణులు, అంటే బిషప్, క్లెమెంట్ బొన్నాన్. 1796లో ఫ్రాన్సులో పుట్టి, పుదుచ్చేరి మిషనుకు వచ్చి, తెలుగు నేర్చుకుని తెలుగు కతోలికుల మధ్య ఏళ్లతరబడి పనిచేశారు. 1836లో ఆ మిషను బాధ్యత ఆయన మీద పడింది. నేల చూస్తే కొండంత, గురువులు చూస్తే గుప్పెడుమంది. మరొకరైతే అధికారం పట్టుకుని కూర్చునేవారు. ఆయన ఉత్తరాది తెలుగు సీమను విడదీసి, సవాయ్ దేశపు ఆన్సీ పట్టణంలో ఏర్పడిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులకు అప్పగించారు. నా లెక్కలో ఆయన చేసిన పనులన్నిటిలోకీ ఇదే గొప్పది. వాళ్లు 1845లో పుదుచ్చేరిలో దిగి, మరుసటి ఏడు విశాఖపట్నం చేరారు. మా సెయింట్ ఆన్స్ గుడి పూర్తయిందీ ఆ 1846లోనే.

ఆ గురువుల సొంత గడ్డ గతీ యానాం గతిలాంటిదే. వాళ్లు బయల్దేరేనాటికి సవాయ్ సార్డీనియా రాజు ఏలుబడిలో ఉండేది. 1859లో ఆస్ట్రియాతో జరిగిన యుద్ధంలో తోడు నిలిచినందుకు మూడో నెపోలియన్ ఆ సీమను అడిగి పుచ్చుకున్నాడు. 1860 టూరిన్ ఒడంబడికతో అది ఫ్రాన్సులో కలిసిపోయింది. పుట్టిన ఊళ్లో జెండా మారినా విశాఖలో వాళ్ల పని ఆగలేదు.

1857 తిరుగుబాటు మంటలు చల్లారీ చల్లారకముందే, దేశంలోని కతోలిక మిషన్లన్నీ చూసి రమ్మని రోమ్ బొన్నాన్‌గారికి పురమాయించింది. ఒకవైపు ఇంగ్లీషు సర్కారు. మరోవైపు ఇక్కడి చర్చిల మీద హక్కు మాదేనంటున్న పోర్చుగల్. అరవై దాటిన వయసులో ఈ ఇద్దరి మధ్యా దారి చూసుకుంటూ ఊరూరా తిరిగారు. ఆ తిరుగుడులోనే, 1861 మార్చిలో కాశీలో కన్నుమూశారు.

ఫ్రెంచి పాలన నుంచి యానాం విమోచనకు పోరాడిన దాదాల రఫేల్ రమణయ్యగారి పేరు మా పిల్లలకు తెలుసు, తెలియాలి కూడా. ఆ పక్కనే బొన్నాన్‌గారి పేరూ నిలవాలి. యానాంలో ఎవరింట్లోనైనా ఫ్రెంచివారి కాలపు కాగితాలు, బాప్తిస్మ పత్రాలు, ఉత్తరాలు ఉంటే దయచేసి పారేయకండి. గుడి పెద్దలకు చూపించండి.