హోమ్ థియేటర్ కొంటే కచేరీ ఇంటికొస్తుందా?

ఈఎంఐలో హోమ్ థియేటర్ కొనేస్తే కచేరీ మన హాల్లోకి వచ్చేస్తుందనుకుంటాం కదా. ఈ ఆశ గ్రామఫోన్ కాలం నుంచీ ఉంది. ఎంతవరకు తీరిందో చూద్దాం.

మన గోదావరి ఊళ్లలో పద్యనాటకం అంటే తెల్లవార్లూ సాగేది. రాజమండ్రి చిలకమర్తి వారి 'గయోపాఖ్యానం' లాంటి నాటకాల్లో పద్యం చివర నటుడు రాగం తీస్తే, జనంలోంచి 'వన్స్‌మోర్!' అని కేకలు. మళ్లీ పాడాల్సిందే. అంటే పాట ఎంతసేపు సాగాలో సగం జనమే తేల్చేవారు.

ఆ పద్యాలే రికార్డులకెక్కాయి. 78 ఆర్‌పీఎం, 10 అంగుళాల రికార్డుకి ఒక వైపు సుమారు 3 నిమిషాలే. రాగం కుదించాల్సిందే! పైగా 1925కి ముందు రికార్డింగ్‌కి మైకులు లేవు. పెద్ద బూరలోకి పాడితే, ఆ అదురుకి సూది కదిలి మైనం మీద గీత పడేది. గొంతు పడేది గానీ మృదంగం గుమకీ సరిగ్గా పడేది కాదు.

తర్వాత మైకులొచ్చాయి. 1948లో ఎల్పీ వచ్చి టైమ్ పెంచింది. 1982లో సీడీ వచ్చి గరగర పోగొట్టింది. రికార్డింగ్ గొడవ చాలావరకు తీరింది. మరి ఇప్పుడు అడ్డేంటి? మన స్పీకరు, మన గది.

చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి ఆంప్లిఫయర్ 10 రెట్లు పవర్ ఇవ్వాలి. జాతరలో డప్పు గుండెల మీద కొట్టినట్టుంటుంది చూడండి, అంత గాలిని చిన్న స్పీకరు కదపలేదు. దానికి తోడు టైల్స్ నేల, సిమెంటు గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి.

కానీ వీణ సంగతి వేరు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు, ఆయన గురువు, ద్రాక్షారామం బిడ్డ ఈమని శంకరశాస్త్రి గారు, వీళ్ల రికార్డింగ్ పెట్టి చూడండి. వీణ నాదమే చిన్నది. పెద్ద హాల్లో వెనక వరసకి అది వినిపించేదీ మైకుల్లోంచే. ఇంట్లో ఓ మోస్తరు స్పీకర్ల జత ఉన్నా, తీగ లాగిన గమకం దగ్గర కూర్చుని విన్నంత స్పష్టంగా వస్తుంది.

అందుకే షాపులో సినిమా ఫైట్‌తో టెస్ట్ చెయ్యకండి. ముందు వీణ, తర్వాత డోలు వినండి. ఇంకో పెద్ద సిస్టమ్‌కి అప్పు చేసే ముందు ఒక తివాచీ, మందపాటి కర్టెన్లు వేసి చూడండి. మిగిలిన డబ్బుతో నాటకానికో కచేరీకో వెళ్లండి. రీప్లే బటన్ నొక్కితే అదే పాట వస్తుంది. వన్స్‌మోర్ అంటే పాడే మనిషి ఇంకోలా పాడతాడు.

మీ తాతగారింట్లో పాత రికార్డులున్నాయా? ఏమున్నాయో కామెంట్‌లో చెప్పండి. ఉంటానండి!