వెంటిలేటర్‌పై నిద్ర

1952లో కోపెన్‌హేగన్ నగరమున పోలియో విజృంభించినప్పుడు, బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరములు చచ్చుబడినవారి కొఱకు ఇనుప ఊపిరితిత్తి ఒక్కటియు, ఱొమ్మునకు కవచమువలె బిగించు యంత్రములు ఆఱును మాత్రమే యుండెను. తొలి మూడు వారములలో అట్టి రోగులు 31 మందిలో 27 మంది మరణించిరి. ఆగస్టు 27న, ప్రధానవైద్యుడు లాసెన్ పిలుపుపై వచ్చిన మత్తుమందు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్, 12 ఏండ్ల బాలికకు కంఠమున రంధ్రము చేయించి, గొట్టము నమర్చి, రబ్బరుసంచితో గాలి నందింపఁ బూనెను. కాని ఆమె పెనుగులాడుచుండెను. శ్వాసనాళములు బిగిసికొని గాలి లోనికిఁ బోదయ్యెను. చూడవచ్చిన వైద్యులు ఆశ వదలికొని తొలగిపోవుచుండగా, ఇబ్సెన్ ఆమెకు పెంటోథాల్ అను మత్తుమందు సూది ఇచ్చెను. పెనుగులాట యుడిగెను, ఆమె స్వంతశ్వాసయు నిలిచెను. అప్పుడు గాని సంచిలోని గాలి ఆ ఱొమ్మును నింపలేదు.

ఆ చరిత్ర చెప్పువారు సంచిని, గొట్టమును కీర్తించుట పరిపాటి. నా దృష్టిలో ఆ మత్తుసూదికిని వానితో సమానమైన స్థానము కలదు. కాని ఆ మత్తు ఒక విషమక్షణమును దాటించుటకు వాడినదే. పిమ్మట సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబగళ్లు సంచులను నొక్కుచు, మెలకువగా నున్న రోగులకు పుస్తకములు చదివి వినిపించుచు ఊపిరిఁ బోసిరి; మరణములు సుమారు సగమునకు తగ్గినవి.

చేయి రోగి శ్వాస నెఱిఁగి నడచును. తొలినాటి యంత్రములకు ఆ యెఱుక లేదు. అవి తమ లెక్క ప్రకారము గాలి తోయుచుండగా రోగి తన లెక్కను ఊపిరి పీల్చఁబోవును. దానినే యంత్రముతో పోరాట మనిరి; ఆ పోరాట మాపుటకు మార్ఫియా, నిద్రమందులు, కండరములను స్తంభింపజేయు మందులు వాడుకలోనికి వచ్చినవి. తరువాత రోగిశ్వాసను గుర్తించు వెంటిలేటర్లు వచ్చినను గాఢనిద్ర మాత్రము పోలేదు. యంత్రదోషమునకు విరుగుడుగా పుట్టినది ఆచారమై నిలిచెను. వెంటిలేటర్‌పై నున్నవాఁడు నిద్రించుట సహజమని నేఁడు మన యిండ్లలోను తలంతురు.

ఆ నిద్ర నిరపాయము కాదని గ్లాస్గో నగరమున దారుణముగా తెలిసినది. గాయపడి వెంటిలేటర్‌పై నున్నవారిలో ఎటోమిడేట్ అను నిద్రమందును ధారగా పొందినవారు నూటికి 77 మంది, మార్ఫియా పద్ధతిలో నున్నవారు 28 మంది మరణించినట్లు లెడింగ్‌హామ్, వాట్ అను వైద్యులు గుర్తించిరి; 1983లో లాన్సెట్ పత్రికలో హెచ్చరించిరి. ఆ మందు అడ్రినల్ గ్రంథిని అణచివేయుచుండెను.

1998లో డెన్వర్ వైద్యుడు థామస్ పెట్టీ, తన తొలినాటి రోగులు మెలకువతో, తఱచు కుర్చీలో కూర్చుండెడివారనియు, ఇప్పటివారు కదలికయే లేక మృతులవలె పడియున్నారనియు వ్యథతో వ్రాసెను. రెండేండ్లకు షికాగోలో క్రెస్ బృందము 128 మందిపై పరీక్ష జరిపి, దినమున కొకమాఱు మత్తు నాపినచో వెంటిలేటర్ దినములు 7.3 నుండి 4.9కు తగ్గునని చూపెను. 2010లో డెన్మార్క్‌లోనే, ఓడెన్సె నగరమున, స్ట్రోమ్, టాఫ్ట్ బృందము 140 మందిలో సగముమందికి నిద్రమందే మాని, నొప్పికి మార్ఫియా మాత్ర మిచ్చిరి. అక్కడ రోగి కొక నర్సుండెను, కలత చెందినవారి కడ కూర్చుండుటకు కొన్నిసార్లు అదనముగా మనిషిని నియమించిరి. వెంటిలేటర్ లేని దినములు పెరిగినవి. ఆ పద్ధతిపైననే 2020లో వెలువడిన పెద్ద పరీక్షలో మరణముల విషయమున భేదము తేలలేదు. అయితే ఆ పరీక్షలో ఎదుటి పక్షమువారికిని గాఢనిద్ర లేదు; తేలిక మత్తిచ్చి, ప్రతిదినము మేలుకొలుపుటయే వారికి నియమించిన పద్ధతి.